సైన్సు మామయ్య కబుర్లు: మురికి ఆవు



ఈ నెల చెప్పబోయే సంగతి మా మేనకోడలి వల్ల వచ్చిపడింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఫోను చేతిలో పట్టుకుని, "మామయ్యా, ఇది సెక్యూరిటీ అప్‌డేట్ చెయ్యమని ఊరికే విసిగిస్తోంది. నేను రేపు, రేపు అని నొక్కుతూనే వున్నాను. చేసినా కొత్త ఆటా రాదు, కొత్త బొమ్మా రాదు. ఇంతకీ దానిలో ఏం వేస్తారు?" అని అడిగింది.

"అతుకు వేస్తారే," అన్నాను.

"ఫోనుకు అతుకేమిటి? చిరిగిన లాగుకు గదా!" అని పకపకా నవ్వింది.

నవ్వడానికేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు కూడా దాన్ని ప్యాచ్ అనే అంటారు. ప్యాచ్ అంటే అతుకే. అయితే ఈ అతుకు వేసేది బయటి గుడ్డకు కాదు, లోపలి పప్పుకు.

వేరుశనగకాయ వొలిస్తే లోపల పప్పు వుంటుంది చూశారా? అలాంటి పప్పును ఇంగ్లీషులో కెర్నెల్ అంటారు. కంప్యూటరులో ఎన్ని ప్రోగ్రాములు వున్నా, అన్నిటికీ అడుగున కూర్చుని పెత్తనం చేసే ప్రోగ్రాము ఒకటి వుంటుంది. దానికీ అదే పేరు. మెమరీలో ఏ పుట ఎవరిది, ఏ ఫైలును ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు అనే తీర్పులన్నీ దానివే. లినక్స్ అనే కెర్నెల్‌ను 1991లో, హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు రాయడం మొదలుపెట్టాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల వున్న పప్పు అదే.

ఇక చిరుగు కథ వినండి.

ఒక బడిలో మార్కుల రిజిస్టరు వున్నదనుకోండి. దాన్ని ఎవరైనా చూడవచ్చు. కాని దిద్దే హక్కు హెడ్మాస్టరుగారిది. ఎవరైనా కుర్రవాడు వచ్చి "ఇందులో రాసుకోవాలండీ" అంటే గుమాస్తా ఆ పుటకు నకలు రాసి, "ఇదుగో, దీనిమీద నీ ఇష్టం వచ్చినట్టు గీసుకో" అని ఇస్తాడు. అసలు పుట భద్రం. కెర్నెల్ చేసేదీ ఇదే. రాసేటప్పుడు మాత్రమే నకలు తీయడం అన్నమాట. ఈ పద్ధతికి ఇంగ్లీషులో వున్న పేరులోని మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'కౌ', అంటే ఆవు, అవుతుంది!

గుమాస్తా చేతిలో ఒక చీటీ వున్నది. దానిమీద "ఫలానా పుట కావాలి, రాయడానికి" అని వున్నది. అతను నకలు తీసి బల్లమీద పెట్టాడు. "నకలు తయారైంది గదా, ఇక రాతగొడవ తీరిపోయింది" అనుకుని చీటీమీద "రాయడానికి" అన్న మాట కొట్టేశాడు. సరిగ్గా ఆ రెప్పపాటులో, ఆ కుర్రవాడి స్నేహితుడొకడు బల్లమీది నకలును చించి పారేశాడు. గుమాస్తా తిరిగి చూస్తే నకలు లేదు. చీటీ చూశాడు. "పుట కావాలి" అని మాత్రమే వున్నది. "ఓహో, చూడడానికే కాబోలు" అని అసలు పుటే తీసి ఇచ్చాడు. కుర్రవాడు కలం పట్టుకుని సిద్ధంగానే వున్నాడు!

ఆ రెప్పపాటు దొరకడం కష్టమే. కాని కంప్యూటరు అలిసిపోదు గదా. వేలసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి తగులుతుంది, ఆ ఒక్కసారి చాలు. మామూలు వాడుకరి యంత్రం మొత్తానికి యజమాని అయిపోతాడు. మార్పు పడిన పుటను కంప్యూటరు భాషలో 'మురికి' పుట అంటారు. అందుకని ఈ చిరుగుకు డర్టీ కౌ, అంటే మురికి ఆవు, అని పేరు పెట్టి, ఆవు బొమ్మ కూడా గీశారు.

2016లో ఫిల్ ఓస్టర్ అనే ఆయన, తన సర్వరులోకి వచ్చే రాకపోకలను నమోదు చేసి వుంచుకున్నందువల్ల, ఎవరో ఈ దారినే లోపలికి దూరారని పట్టుకున్నాడు. అంటే దొంగలు ముందే కనిపెట్టారు! ఈ చిరుగు 2007 నుంచి వచ్చిన లినక్స్‌లలో వున్నది. తొమ్మిదేళ్ళు అన్నమాట.

2016 అక్టోబరులో టోర్వాల్డ్స్ అతుకు వేశాడు. దానికి పట్టుమని ఇరవై పంక్తులు కూడా పట్టలేదు. గుమాస్తా ఇక "రాయడానికి" అన్న మాట కొట్టేయడు. పక్కన "నకలు తీశాను" అని ఇంకో గుర్తు వేసుకుంటాడు. ఆ నకలు నిజంగా అక్కడ వున్నదా అని చూసిగాని పుట ఇవ్వడు.

నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. ఈ చిరుగును పదకొండేళ్ళ కిందటే తాను బాగుచేయబోయి సరిగా చేయలేకపోయానని టోర్వాల్డ్స్ ఆ అతుకుతోపాటే రాసిపెట్టాడు. అప్పుడు వేసిన అతుకు ఒక రకం పెద్ద యంత్రాలలో తంటా తేవడంతో ఊడదీశారట. అప్పట్లో అది కాగితం మీది ప్రమాదమే. తరువాత కెర్నెల్ మారినకొద్దీ నిజమైన ప్రమాదమైంది. అంత పేరున్నవాడు "నేనే సరిగా చేయలేదు" అని లోకమంతా చదివేచోట రాయడం చిన్న విషయం కాదు.

అంతటితో తీరిందా? లేదు. మామూలు పుటలు కాక, 512 పుటలను ఒక్క కట్టగా చూసే పద్ధతి ఒకటి వున్నది. ఆ కట్టల దగ్గర ఈ అతుకు సరిగా అతకలేదని 2017 నవంబరులో బయటపడింది. మళ్ళీ సూదీ దారం తీశారు.

"మరి అతుకు వేశాక దొంగలకు పనేముంది?" అన్నది మా మేనకోడలు.

అతుకు తయారుకావడం వేరు, మన ఫోనుకు చేరడం వేరు. 2017 సెప్టెంబరులో, అంటే అతుకు వేసిన పదకొండు నెలలకు, ఈ చిరుగునే పట్టుకుని ఆటల వంటి యాప్‌ల వేషంలో ఫోన్లలోకి దూరే దొంగ ప్రోగ్రాము బయటపడింది. దాని బారిన ఎక్కువగా పడినవారు చైనాలోనూ మన దేశంలోనూ వున్నారు.

ఆ మాట విని పిల్ల "రేపు" నొక్కడం మానేసింది. ఫోను ఆరిపోయి మళ్ళీ వెలిగింది. పునాదిరాయి మార్చేటప్పుడు ఇంట్లోవాళ్ళు కాసేపు బయట నిలబడాలి గదా.

తరువాత అలమరలోంచి వాళ్ళ అమ్మమ్మ పాత ఫోను తీసుకొచ్చింది. దానికి అప్‌డేట్లు రావడం ఏనాడో ఆగిపోయింది. "దీనికి అతుకు ఎవరు వేస్తారు మామయ్యా?" అన్నది. తయారుచేసినవాళ్ళే మానుకున్నాక ఎవరూ వేయరని చెప్పాను. అమ్మమ్మ బ్యాంకు లెక్కలు అందులోనే వున్నాయి. ఇద్దరం కూర్చుని వాటిని తీసేశాం. ఇప్పుడు అమ్మమ్మ దానిలో పాత పాటలు వింటున్నది.