నల్లని సిరా నేర్పే పాఠం

పదార్థం పేరు చెప్పగానే రసాయన శాస్త్ర విద్యార్థికి దాని సూత్రం గుర్తుకు వస్తుంది. ఉప్పుకు ఒక సూత్రం, చక్కెరకు ఒక సూత్రం. సూత్రం వ్రాయగలిగితే పదార్థం తెలిసినట్లే అన్న అలవాటును మన పాఠ్యగ్రంథాలు కలిగించినవి. అయితే ఈ క్రమశిక్షణకు లొంగని పదార్థాలు ప్రకృతిలో అనేకం కలవు. అట్టివాటిలో ఒకటి కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి సిరాలోని మెలనిన్. దీనిని మన డిగ్రీ విద్యార్థులు ఒక్కసారైనా ప్రయోగశాలలో స్వయంగా పరీక్షించి చూడవలెనని మా అభిప్రాయం.

ఈ జీవి మనకు బొత్తిగా పరాయిది కాదు. విశాఖపట్నం, కాకినాడ రేవులకు వలలలో వస్తూనే ఉన్నది. ఇంగ్లీషు పేరులో చేప ఉన్నా ఇది చేప కాదు. నత్తలకు, ఆక్టోపస్‌కు బంధువు. దీని లోపలి తెల్లని పెంకును ఆయుర్వేదం సముద్రఫేనమన్నది. ఉర్దూలో సమందర్ ఝాగ్ అన్నారు. రెండింటికీ అర్థం సముద్రపు నురుగే. నిజానికి అందులో ముఖ్యంగా ఉన్నది కాల్షియం కార్బొనేట్. తెల్లని పెంకు మన మందుల అంగళ్లకు చేరగా, నల్లని సిరా ఐరోపా చిత్రకారుల చేతికి చేరి సెపియా అనే రంగుగా ప్రసిద్ధి పొందినది.

మన కాతిబులు వాడిన రోష్నాయీ, తాళపత్రాల అక్షరాలలో నింపిన మసి దీపపు పొగనుండి పుట్టిన నలుపు. కటిల్‌ఫిష్ నలుపునకు నిప్పుతో పని లేదు. దాని సిరా గ్రంథిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసినేజ్ అనే ఎంజైము ఆక్సీకరించి డోపాగా, డోపాక్వినోన్‌గా మారుస్తుంది. అది వలయంగా ముడిపడి, డోపాక్రోమ్ అనే ఎర్రని పదార్థం మీదుగా రెండు రకాల డైహైడ్రాక్సీ ఇండోల్‌లకు దారి తీస్తుంది. ఒకదానిలో కార్బాక్సిల్ సమూహం ఉంటుంది, మరొకదానిలో ఉండదు. ఇవి ఆక్సీకరణం చెంది ఒకదానితో ఒకటి కలిసినప్పుడు నల్లని మెలనిన్ ఏర్పడుతుంది. ఈ మార్గాన్ని 1920 దశకంలో రేపర్, 1940 దశకంలో మేసన్ తేటపరచినారు.

మార్గం తెలిసినది గాని గమ్యం తేలలేదు. ఆ ఇండోల్‌లు ఏ స్థానంలో ఏది కలియవలెనన్న కచ్చితమైన నియమం లేకుండా కలుస్తాయి. అందుచేత ఈ పదార్థానికి నిర్దిష్టమైన అణుభారం లేదు. స్ఫటికాలు కట్టదు. నీటిలోను, ఆమ్లాలలోను, సాధారణ ద్రావణులలోను కరగదు. ఇటలీకి చెందిన బిజియో 1825లోనే ఈ సిరాను పరీక్షించినాడు. ఇరవయ్యో శతాబ్దంలో నేపుల్స్ నగరంలో నికొలాస్, ప్రోటా మొదలైనవారు ఏండ్ల తరబడి శ్రమించినారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సీకారిణులతో మెలనిన్‌ను ఛేదించి, లభించిన పిర్రోల్ ఆమ్లాలను బట్టి మూలరూపాన్ని ఊహించడం ఒక పద్ధతి. గోడ పడగొట్టి ఇటుకలను లెక్కపెట్టడం వంటిదే ఇది. ఇటుకలు తెలుస్తాయి, గోడ తెలియదు. నేటికీ మెలనిన్‌కు ఏకైక సూత్రమన్నది లేదు.

సూత్రం లేనంత మాత్రాన గుణాలు లేకపోలేదు. మెలనిన్ అతినీలలోహిత కాంతి మొదలు కంటికి కనిపించే కాంతి వరకు అన్నింటినీ పీల్చి, దాదాపు మొత్తాన్ని హాని లేని వేడిగా మారుస్తుంది. ఇనుము, రాగి, కాల్షియం వంటి లోహ అయాన్లను పట్టి ఉంచుతుంది. 1974లో హూస్టన్ శాస్త్రజ్ఞులు మెలనిన్‌లో అర్ధవాహకపు స్విచ్చి గుణాన్ని చూపినారు. ఇంగ్లండులో దొరికిన, 16 కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలాజపు సిరా సంచిలోని మెలనిన్ నేటి కటిల్‌ఫిష్ మెలనిన్‌ను దాదాపు పూర్తిగా పోలి ఉన్నదని 2012లో వెల్లడి అయినది.

మన నల్లని వెంట్రుకలలోను, చర్మంలోను ఉన్న యూమెలనిన్ ఈ కుటుంబానికి చెందినదే. దానిని తయారుచేసే కణాల సంఖ్య తెల్లనివారిలోను, నల్లనివారిలోను ఇంచుమించు సమానం. తేడా అంతా ఆ కణాలు చేసే వర్ణకపు మోతాదులోను, రేణువుల పరిమాణంలోను, అమరికలోను ఉన్నది. పెండ్లి సంబంధాలలో చామనచాయను లోపంగా ఎంచే మన సంఘంలో చదువుకున్న యువతీయువకులకు ఈ సంగతి తెలిసి ఉండవలెను. ఎండనుండి మనలను కాచే పదార్థాన్ని లోపమనడం అజ్ఞానం.

పరీక్షలో రాని దానికి సమయమెందుకని కొందరు అడగవచ్చు. లవణ విశ్లేషణ, అంశమాపనం మానుమని మేము చెప్పడం లేదు. వాటిలో జవాబు ముందే నిశ్చయమై ఉంటుంది. విద్యార్థి దానిని చేరుకుంటే చాలును. జవాబు పూర్తిగా ఎవరికీ తెలియని పదార్థం ఎదుట నిలబడడం వేరొక శిక్షణ. పరిశోధకునికి కావలసినది అదే. మన కళాశాలకు వచ్చేవారిలో పలువురు తమ ఇంటినుండి కళాశాల మెట్లెక్కిన మొదటివారు. వారికి ఈ శిక్షణ ఇక్కడ లభించకపోతే మరెక్కడ లభిస్తుంది?

ఖర్చు స్వల్పం. తాజా కటిల్‌ఫిష్ ఒకటి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్షారం, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే చాలును. సిరాను ఆమ్లంతోను, నీటితోను పలుమార్లు కడిగితే నల్లని పొడి మిగులుతుంది. అది నీటిలో కరగకపోవడం, వేడి క్షారంలో కొంత కరగడం, ఆమ్లం చేర్చగా తిరిగి అవక్షేపించడం, క్షారయుత పెరాక్సైడులో క్రమంగా వెలవెలబోవడం అధ్యాపకుల పర్యవేక్షణలో రెండు మధ్యాహ్నాలలో చూడవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలు వచ్చే విద్యాసంవత్సరం నుండి ఈ చిన్న ప్రయోగానికి అనుమతి, అవసరమైన కొద్దిపాటి ధనం మంజూరు చేయవలసినదిగా కోరుతున్నాము. విద్యార్థులు తమ పరిశీలనలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఈ సంచికకే పంపవలెను. రోష్నాయీ అనే మాటకు సిరా అన్న అర్థంతో పాటు వెలుగు అన్న అర్థం కూడా ఉన్నది. ఈ నల్లని సిరా విషయంలో ఆ రెండర్థాలనూ సార్థకం చేయడం మన చేతిలోనే ఉన్నది.