విడి పనివాడు శ్రామికుడు కాడా?

ఈ మధ్య మన సాహిత్య వర్గాల్లో ఒక వాదం బయలుదేరింది. ఒకరి కింద ఉద్యోగం చెయ్యకుండా, పని దొరికినప్పుడు చేసి, దానికింత అని పుచ్చుకుని బతికే మనిషి స్వేచ్ఛాజీవి అనీ, యజమాని అనే వాణ్ణి జయించిన వాడనీ కొందరంటున్నారు. ఇంగ్లీషు మాట వాడుతూ ఫ్రీలాన్సర్ అని గౌరవిస్తున్నారు. దీనికి ఎదురుగా, సిద్ధాంతం బాగా చదువుకున్న మిత్రులు కొందరు ఇంకో మాట అంటున్నారు: వాడికి యజమాని లేడు గనక వాడు శ్రామికుడు కాడు, పనిముట్టు తనదే గనక పెటీ బూర్జువా, కాబట్టి వాడి కష్టాలు మన సాహిత్యానికి ముఖ్యవస్తువు కానక్కర లేదు. పైకి ఈ రెండు వాదాలూ ఒకదానికొకటి శత్రువుల్లా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒక తల్లి బిడ్డలే. యజమాని లేడన్న మాటను రెండూ విచారణ లేకుండా ఒప్పుకుంటున్నాయి. నేను ఒప్పుకోను.

నేనీ మాట పుస్తకాలు మాత్రమే చూసి చెప్పడం లేదు. పాతబస్తీలో శాలిబండ దగ్గర ఉంటూ, ఉర్దూ నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి, ఛత్తాబజారు ప్రెస్సులకు ప్రూఫులు దిద్ది చాలా ఏళ్లుగా ఇల్లు నడుపుతున్నాను. మన భాషలో ఈ బతుక్కి స్థిరమైన పేరు లేదు. నేను విడి పనివాడు అంటాను.

ఆ ఇంగ్లీషు మాట చరిత్ర కొంచెం చూడండి. వాల్టర్ స్కాట్ 1819లో అచ్చయిన ‘ఐవన్‌హో’ నవలలో, ఏ ప్రభువుకూ కట్టుబడకుండా కూలికి యుద్ధం చేసే బల్లెంగాళ్లకు ఆ మాట వాడాడు. అటువంటి వాళ్లను చూడాలంటే మనం ఇంగ్లండు పోనక్కర లేదు. నిజాము కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు. 1798లో చచ్చిపోయాడు, మూసారాంబాగు అనే పేటకు అతని పేరే వచ్చిందని చెబుతారు. హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలకు పాతబస్తీ దక్షిణాన బ్యారక్సులు వేస్తే, అదే నోట్లో నలిగి బార్కస్ అయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ సిపాయిల జీతాల బకాయిలు తీర్చలేక హైదరాబాదు దర్బారు నానా అగచాట్లు పడింది. కత్తి చేతిలో ఉన్నవాడి బకాయి దర్బారుకు కూడా భయమే. కలమో సూదో చేతిలో ఉన్నవాడి బకాయికి ఎవడు భయపడతాడు? మాట ఆ సిపాయిలదే. బకాయి రాబట్టుకునే బలం మాత్రం మాటతో పాటు మనకు రాలేదు.

ఇక లాడ్‌బజారుకు పోదాం. చార్మినారు పడమటి వైపున లక్క గాజుల దుకాణాలు వరసగా ఉంటాయి. అద్దాల వెనక దీపాల కింద గాజులు తళతళలాడుతూ ఉంటే కొనేవాడికి దుకాణమూ గాజూ తప్ప మరొకటి కనపడదు. ఆ గాజు వెనక బొగ్గుల కుంపటి మీద లక్కను కాచి, సాగదీసి, చుట్టి, గుండ్రం చేసిన మనిషి ఉన్నాడు. ఆ తరవాత రాళ్లు అతికిన చేతులున్నాయి. అవి చాలా భాగం గల్లీల లోపల ఇళ్లలో కూర్చున్న ఆడవాళ్ల చేతులు. లక్క మెత్తగా, వేడిగా ఉండగానే రాయి కూర్చాలి. వేళ్లు కాలతాయి, కళ్లు పీకుతాయి. కూలి రోజుకు కాదు, జతల లెక్కన. రాయి వంకరగా కూర్చుంటే ఆ జత లెక్కలోకి రాదు. గది అద్దె ఆమెది, దీపం ఖర్చు ఆమెది, పక్కన కూర్చుని రాళ్లు ఏరి ఇచ్చే పిల్ల శ్రమ ఎవరి లెక్కలోనూ లేదు. ఆమె తనను ఫ్రీలాన్సర్ అనుకోదు. కాని ఫ్రీలాన్సర్ లక్షణాలని మనవాళ్లు చెప్పేవన్నీ ఆమెకు ఉన్నాయి: కార్ఖానా లేదు, పనివేళలు లేవు, హాజరు పుస్తకం లేదు, పై అధికారి లేడు.

జర్దోజీ పనివాడి సంగతీ అంతే. చట్రానికి బట్ట బిగించి, దాని చుట్టూ నేల మీద కూర్చుని నలుగురైదుగురు రాత్రి పొద్దుపోయేదాకా సూది వేస్తారు. మన తెలుగు పెళ్లికూతుళ్లు మగ్గం వర్కు అని ముచ్చటపడి తొడుక్కునే రవికెల్లో ఎన్నో ఇక్కడి చేతుల మీదుగా వచ్చినవే. ఈ పనులన్నిటికీ పెళ్లిళ్లే ఆధారం. మొహర్రంలో ముసల్మానుల పెళ్లిళ్లుండవు. ఆషాఢంలో, మూఢంలో హిందువులవి ఉండవు. రెండు మతాల పంచాంగాలూ పనివాడి కడుపు మీదనే కలుస్తాయి. ఆ ఖాళీ నెలల్లో దుకాణదారు జీతమివ్వనక్కర లేదు. ఈ ఏర్పాటులోని అసలు రహస్యం ఇదే. వ్యాపారంలోని ఒడిదుడుకులన్నీ పనివాడి నెత్తికి ఎత్తి, ఆ బరువుకే స్వేచ్ఛ అని పేరు పెట్టారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఇంకో ఊరివాడు ఆ పేరు పెట్టుకుని అమ్మకూడదు. గాజు పేరుకు రక్షణ దొరికింది; రాయి కూర్చే వేలికి జతకు ఇంతకు తక్కువ ఇవ్వకూడదన్న హామీని ఆ గుర్తింపు ఇవ్వదు.

అయితే ఈ బతుకులో సుఖం లేదా? ఉంది. లేదనేవాడు ఈ పని చేసినవాడు కాడు. ఛత్తాబజారులో కాతిబులుండేవారు, ఉర్దూ రాతగాళ్లు. పత్రికలు, పుస్తకాలు లితోలో అచ్చయ్యే రోజుల్లో పేజీకింత అని రాసేవారు. ఆ రాతగాడు తన అక్షరాన్ని తానే మెచ్చుకోగలడు. వాడి నస్తాలీఖ్ చూసి ఫలానావాడి చెయ్యి అని బజారు గుర్తుపట్టేది. ఏ గుమాస్తాకు దక్కుతుంది ఆ గౌరవం? నా మట్టుకు నాకు, ఉద్యోగంలో ఉంటే జన్మలో చదవని పుస్తకాలు అనువాదం పేరిట వాక్యం వాక్యం చదివే భాగ్యం కలిగింది. కంటికి జబ్బు చేసిన అమ్మను పగలంతా చూసుకుని రాత్రి పని చేసుకునే వీలు కలిగింది. నచ్చని పనిని వద్దని చెప్పిన రోజులూ ఉన్నాయి. కాని ఒక్కటి గమనించాలి. వద్దని చెప్పిన ఆ రోజుల్లో ఇంట్లో బియ్యం ఉన్నాయి. బియ్యం లేని రోజున వచ్చిన పని, ఎంత తక్కువకు వచ్చినా, ఎంత తలవంపులదైనా, చేశాను. ఆ స్వేచ్ఛ నా స్వభావంలోనిది కాదు, బియ్యం డబ్బాలోది. తొంభైలలో కంప్యూటరుకు నస్తాలీఖ్ వచ్చాక కాతిబుల చేతికి వచ్చిన పని పెళ్లి శుభలేఖలూ, దుకాణాల బోర్డులూ. ఇన్నేళ్లు రాయించుకున్న వాళ్లెవరూ వాళ్లకు గ్రాట్యుటీ బాకీ పడలేదు, ఎందుకంటే వాళ్లు ఎవరి ఉద్యోగులూ కారు గదా!

మన కవుల్లో ఈ బతుకు బతికినవాడు శ్రీనాథుడు. రాజమహేంద్రవరం నుంచి విజయనగరం దాకా ఆస్థానం వెంట ఆస్థానం తిరిగాడు. కనకాభిషేకం చేయించుకున్నాడు. ఆఖరికి బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుంటే కృష్ణ వరద పంటను ఊడ్చుకుపోయిందనీ, కట్టవలసిన పన్ను కట్టలేక ఎండలో శిక్ష అనుభవించాడనీ చాటుపద్యాల వల్ల ప్రసిద్ధమైన కథ. మన విమర్శకులు ఆయన్ని భోగి అనీ, పోతన్నను త్యాగి అనీ తూకం వేసి ఊరుకుంటారు. పోతన్నకు సొంత మడిచెక్క ఉన్నదనే కథే చెబుతుంది. ఆ సంగతి తూకంలో వెయ్యరు.

ఇప్పుడు యజమాని లేడన్న మాటకు వద్దాం. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఒక కేసు ఢిల్లీకి పోయింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు అంటారు. 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసినవారు జస్టిస్ మాథ్యూ. దుకాణంలో బట్టకింత అని కుట్టే దర్జీలు షాపుల చట్టం కింద ఉద్యోగులా కాదా అన్నది ప్రశ్న. యజమానుల వాదన ఈనాటి ఫ్రీలాన్సు స్తోత్రానికి అచ్చంగా నకలు: వాళ్లు ఇష్టమొచ్చినప్పుడు వస్తారు, రాకపోతే సెలవు అడగనక్కర లేదు, రోజంతా ఉండాలన్న నియమం లేదు, నైపుణ్యం వాళ్లదే, కూలి బట్ట లెక్కన. కోర్టు ఇవన్నీ చూసి కూడా వాళ్లు ఉద్యోగులే అన్నది. ఎందుకు? ఎలా కుట్టాలో చెప్పేది దుకాణదారు. బాగాలేదని తిప్పికొట్టి మళ్లీ కుట్టమనే హక్కు దుకాణదారుది. చెప్పినట్టు కుట్టకపోతే ఇక పని ఇవ్వడు. దుకాణంలోని మిషన్లు కూడా అతనివే. తిప్పికొట్టే హక్కు ఎవడికి ఉందో వాడే యజమాని: ఈ గీటురాయి మన సిద్ధాంతకర్తలకు దొరకలేదు, న్యాయమూర్తికి దొరికింది. అంతకు ముందే 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, యజమానో కాంట్రాక్టరో ఇచ్చిన ఆకూ పొగాకూ తీసుకుని ఇంట్లో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా లెక్కించింది. నిజామాబాదు, కరీంనగరం ఆడవాళ్లకు తెలిసిన సంగతే ఇది. ఇంట్లో కూర్చుని చేస్తే కూలి స్వేచ్ఛగా మారిపోదని పార్లమెంటు ఆనాడే ఒప్పుకుంది.

అక్కడి నుంచి మనం ముందుకు పోయామా? 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్ అనే మాట మొదటిసారి చేరింది. యజమాని, ఉద్యోగి అనే సంప్రదాయ సంబంధానికి వెలుపల పని చేసి సంపాదించేవాడు అని దానికి నిర్వచనం. వెలుపల! ఇదీ మెలిక. మదీనా హోటలు దగ్గర బండి ఆపుకుని ఫోను మోగడానికి ఎదురుచూసే కుర్రవాడి కూలి కంపెనీ నిర్ణయిస్తుంది, దారి కంపెనీ చెబుతుంది, నక్షత్రాలు తగ్గితే ఖాతా కంపెనీ మూసేస్తుంది. 1973 గీటురాయి మీద గీస్తే ఇది మొదటి రకం బంగారం లాంటి యజమాన్యం. అయినా వాడు వెలుపలివాడట. లండనులో ఉబర్ కంపెనీ ఇదే వాదన చేస్తే 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తోసేసి, డ్రైవర్లు కార్మికులేనన్నది. మన దేశంలో ఇటువంటివారు 2020-21లో 77 లక్షలనీ, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారనీ నీతి ఆయోగ్ లెక్క కట్టింది. ఇంతమందిని పెటీ బూర్జువా అని పక్కకు నెట్టి మన మిత్రులు ఏ కార్మికవర్గం కోసం కథలు రాస్తారో నాకు బోధపడదు. తెలంగాణ ప్రభుత్వం 2025లో వీళ్ల కోసం ముసాయిదా బిల్లు ప్రకటించింది. అందులో బీమా గురించీ, సంక్షేమ నిధి గురించీ మాట్లాడటం అవసరమే. వాడు కార్మికుడా కాదా అన్న ప్రశ్నను ఆ నిధి కింద పాతిపెట్టడం మాత్రం కూడదు.

చివరికి మన ఇంటి సంగతి. అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం 1936లో లక్నోలో పుట్టింది, మన ఆంధ్ర శాఖ 1943లో తెనాలిలో. శ్రమకు విలువ అన్న మాట ఆనాటి నుంచీ మన పతాకం మీద ఉంది. మన ప్రచురణల లెక్క పుస్తకంలో ఉందా? కాగితం కొట్టువాడికి ఆదర్శం చెప్పము, రొక్కం ఇస్తాము. ప్రెస్సువాడికి కొంత బయానా ఇచ్చి మిగతాది పుస్తకాలు ఎత్తుకునేటప్పుడు ఇస్తాము. ప్రూఫులు దిద్దినవాడికీ, బొమ్మ వేసినవాడికీ, అనువాదకుడికీ మాత్రం ఉద్యమం గురించి చెబుతాము. ఒక ప్రచురణకర్త – మన అభిమానే – నాలుగు వందల పేజీల నా అనువాదం అచ్చువేసుకుని, డబ్బు మాటెత్తితే, మీవంటివారు కూడా ఇలా అడిగితే ఎలా అన్నాడు. మూడేళ్లు తిరిగి సగం తెచ్చుకున్నాను. నేను మగవాణ్ణి, తిరగగలిగాను. జతల లెక్కన రాళ్లు కూర్చే ఆమె ఎవరి దుకాణం చుట్టూ మూడేళ్లు తిరుగుతుంది?

చిన్న పత్రికల దగ్గర డబ్బు లేదంటారు. లేకపోవచ్చు. లేదని పని ఒప్పజెప్పేముందే చెప్పండి. ఇష్టమున్నవాడు ఉచితంగా చేస్తాడు, సంఘానికి ఇచ్చిన చందాగా దాన్ని పుస్తకంలో రాయండి. ఇస్తామంటే ఎంతో, ఏ తేదీకో ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టండి. సంఘం సభ్యులు నడిపే ప్రచురణలన్నీ ఇది పాటించాలని, చెల్లించని బకాయిల జాబితా ఏటా సభలో చదవాలని వచ్చే మహాసభకు తీర్మానం పంపుతున్నాను. బలపరిచేవాళ్లు ఇద్దరు కావాలి. ఈ వ్యాసానికి ప్రతిఫలం ఉన్నదా, ఉంటే ఎంత, ఎప్పుడు అని సంపాదకులకు జతచేసిన ఉత్తరంలో అడిగాను.