చెయ్యి మడవొద్దు!

పోయిన వారం ఓవర్‌టైం షీట్ల గోల రాశాను. ఈ వారం మా ఇంటి గోల చెప్తాను. నేను షార్జాలో కంపెనీ ఆఫీసు గుమాస్తాని అని మీకు తెలుసు. మా ఆవిడ డయాలసిస్ నర్సు. కిడ్నీలు పాడైన వాళ్ల రక్తాన్ని మిషన్ మీద కడిగే డ్యూటీ. ఎక్కువమందికి వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు.

ఆ మిషన్ అరిచినన్నిసార్లు మా ఫోర్‌మన్ కూడా అరవడు. సూది ఉన్న చెయ్యి కాస్త మడిస్తే చాలు, కుయ్ కుయ్. అందుకని మా ఇంట్లో మైక్రోవేవ్ మోగినా ఆవిడ పరుగెత్తుతుంది. ఒక రోజు తెల్లవారుజామున అలారం మోగితే నిద్రలోనే లేచి కూర్చుని "చెయ్యి మడవొద్దు!" అని గద్దించింది. నేనూ నిద్రలోనే చెయ్యి చాపేశాను. అలారం ఆపినవాడు లేడు. ఇద్దరికీ డ్యూటీ లేటు.

బస్సెక్కితే ఇంకో తంటా. ముందు సీట్లో కార్పెంటర్ ఎవరో రాడ్డు పట్టుకుని నిలబడితే, కళ్లార్పకుండా వాడి మోచేతినే చూస్తుంది. "ఏమండీ, ఎంత మంచి నరమో చూడండి!" అంటుంది. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, నా చేతిని ఒక్కసారి అలా మెచ్చుకోలేదు. డయాలసిస్ వాళ్లకి చాలామందికి చేతిలో ధమనినీ సిరనీ ఆపరేషన్ చేసి కలుపుతారు. కొన్ని వారాలకి నరం లావెక్కుతుంది, వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు ఉంటుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు మొయ్యకూడదు.

కొత్తగా వచ్చినవాళ్లకి ముందు రక్తం భయం. "ఎంత తీస్తారు, ఎంత తిరిగిస్తారు, రసీదు ఉంటుందా?" అని అడిగిన డ్రైవరు ఉన్నాడు. అడగడంలో తప్పేముంది, జీతం దగ్గర మనమూ అదే కదా అడుగుతాం! ఏ నిమిషం చూసినా ఒక గ్లాసు రక్తమే బయట ఉంటుంది, ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తుందని చెప్తే నెమ్మదించాడట. 1943లో హాలెండులో కోల్ఫ్ అనే డాక్టరు సాసేజ్‌లకి తొడిగే సెల్లోఫేన్ గొట్టంతో ఇలాంటి మిషన్ చేశాడని కూడా ఆవిడ చెప్తుంది. అప్పుడు మళ్లీ భయపడతారు.

అసలు యుద్ధం కాటా దగ్గర. ఒంట్లో నీరు బయటికి పోని మనిషికి లీటరు నీళ్లు తాగితే కిలో బరువు పెరుగుతుంది. పెరుగన్నం, పుచ్చకాయ, టీ అన్నీ లెక్కలోకే. జగిత్యాల వైపు మేస్త్రీ పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒకసారి మూడున్నర కిలోలు పెరిగి వచ్చారు. "బూట్లు బరువు బిడ్డా" అన్నారు. బూట్లు విప్పించింది. "జేబుల తాళాలున్నయి." తీయించింది. బెల్టు తీశాక కూడా ముల్లు కదల్లేదు. "గీ కాంట అబద్ధాలు చెప్తది" అన్నారు. "కాంట కాదు పెద్దయ్యా, నిన్న బిర్యానీ తర్వాత ఎన్ని పెప్సీలు?" అంటే ఫక్కున నవ్వారు. పాపం, మిషన్ పక్కన పడుకుని చూస్తుంటే గొట్టంలోంచి ఒక్క పూటకి 120 లీటర్ల నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి. ఆయనకి రోజుకి లీటరు.

ఆయనకి బీపీ చాలా ఏళ్ల నుంచి ఉంది. తలనొప్పి లేదు కదా అని బిళ్లలు మానేశారు. నడుము నొప్పికి మాత్రం రోజూ షాపులో కొన్న గోళీ. సైటులో బాత్రూం దూరమని నీళ్లు తాగేవారు కాదు. అలా పద్నాలుగేళ్లు.

అందుకే మా ఆవిడ సెలవు రోజు నాతో క్యాంపుకి వస్తే మీరు తిట్లు తింటారు. డ్యూటీలో నీళ్లు తాగినవాళ్లని తిడుతుంది, మీ దగ్గరకొస్తే తాగనివాళ్లని తిడుతుంది. 'ఏంటక్కా, ఒక మాట మీద ఉండవా' అన్నాడు ఒక తమ్ముడు. "నీ కిడ్నీలు పనిచేస్తున్నంత కాలం తాగు, ఆగిపోయాక నేనే కొలిచి పోస్తా" అంది. వాడు మారు మాట్లాడలేదు. బాటిల్ ఎత్తాడు. పోయిన నెల నా టేబుల్ సొరుగులో నొప్పి బిళ్లల అట్ట దొరికింది. నాలుగు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. బీపీ చూపించుకున్నాక గానీ కరగలేదు. కాస్త ఎక్కువే ఉంది, బిళ్ల మొదలెట్టాను.

మేస్త్రీ పెద్దాయన వీసా అయిపోయి ఊరెళ్లిపోయారు. అక్కడ ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటున్నారు. మొన్న రాత్రి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టింది.

"బిడ్డా, ఈడ కాంట కూడ గట్లనే ఉన్నది."

"ఎంత చూపించింది పెద్దయ్యా?"

"రెండు కిలోలు. బూట్లు ఇడిసినంక."