కూలి లెక్కలో ప్రయాణమెక్కడ?



అవనిగడ్డ నుండియో గుడివాడ నుండియో ఆసుపత్రి పనిమీద విజయవాడ వచ్చే కూలి కుటుంబానికి ఎంత ఖర్చవుతుంది? బస్సు చార్జీ, భోజనము, మందులు అని మనము లెక్క వేస్తాము. ఈ నెల మరియొక కొలత మీ ముందుంచగోరుచున్నాము. అది రోజు కూలి.

కనీస వేతనము ఎలా కట్టాలో 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ చెప్పింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటిని తీసుకొని, పెద్దవానికి రోజుకు 2,700 కేలరీల ఆహారము, ఇంటిల్లిపాదికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె లెక్కించింది. వంటచెరకు, దీపము, ఇతర ఖర్చులన్నిటికి కలిపి మొత్తములో ఐదవ వంతు కేటాయించింది. తరువాత సుప్రీంకోర్టు పిల్లల చదువును, వైద్యమును చేర్చమన్నది. ప్రయాణమునకంటూ వేరే పద్దు మాత్రము లేదు.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అందులో ఐదవ వంతు 61 రూపాయలు. పొయ్యికి, దీపానికి పోగా మిగిలినదానితోనే బస్సెక్కాలి.

ఈ భారము కొంత తగ్గిన మాట నిజమే. 2024 ఆగస్టు 15న గుడివాడలో అన్న క్యాంటీన్ తిరిగి తెరిచారు. పూటకు 5 రూపాయలు. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్ర మహిళలకు టికెట్టు లేదు. భర్త టికెట్టు మాత్రము కొనవలసినదే. అయితే ఏ టికెట్టు మీదా అచ్చుకాని ఖర్చు ఒకటున్నది. అది ఆ రోజు పోయిన కూలి. రోగి, తోడు వచ్చినవారు ఇద్దరూ కూలి చేసేవారైతే, మూడు రోజులకు ఆరు రోజుల కూలి, అనగా 1,842 రూపాయలు పోయినట్లే. ఇంకా ఒక్క మందుబిళ్ల కొనలేదు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఆ నష్టము మరింత పెద్దది.

లూకా సువార్తలో మంచి సమరయుడు గాయపడిన బాటసారి కొరకు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చాడు. మత్తయి 20వ అధ్యాయము ప్రకారము దేనారము ఒక రోజు కూలి. అంటే అతడిచ్చినది రెండు రోజుల కష్టము.

కాబట్టి మన సంఘములో ఎవరైనా ఆసుపత్రికి బయలుదేరినప్పుడు, "చార్జీలకు ఉన్నాయా?" అని అడిగి ఊరుకొనక, "ఎన్ని రోజుల పని పోతుంది?" అని కూడ అడుగుదాము. పని చేయించుకొనే రైతు ఒకటి రెండు రోజుల కూలి సాయముగా చేతిలో పెట్టినా, విజయవాడలో ఒక కుటుంబము తోడు వచ్చినవారికి రాత్రి పడుకొనుటకు చోటిచ్చినా, ఆ ఇంటి లెక్క కొంత తేలికవుతుంది.