ఆ చరణం తీసెయ్యకండి

ఒక ఆశ్రమ పాఠశాలలో వార్షికోత్సవానికి పిల్లలు థింసా పాట నేర్చుకుంటున్నారు. కింద నుంచి మనిషి కాగితం పట్టుకొచ్చాడు, దాని మీద వేలిముద్ర వెయ్యొద్దు అని చెప్పే చరణం రాగానే మేష్టారు ఆపించారు. "ఇది భయం పాట. అధికారులొస్తారు, హుషారైన ముక్కలే ఉంచండి" అన్నారు. ఆయన పరాయివాడు కాదు, మన తెగ మనిషే. నా బాధ అదే.

ఆదివాసులు లోకానికి దూరంగా బతికారనీ, అందుకే కొత్త మనిషిని చూస్తే జడుస్తారనీ, ఆ జడుపే పాటల్లో ఉందనీ బయటివాళ్లు అంటారు. మనమూ నమ్ముతున్నాం. ఇది అబద్ధం. మనం ఒంటరిగా ఎప్పుడున్నాం? చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకుని వారం వారం సంతకు దిగింది మనం కాదా? ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు తెచ్చుకున్నది మనం కాదా? మా అమ్మమ్మ పాటల్లో సంత అంటే సరదాయే. భయమంతా సావుకారు తూకం దగ్గర, అప్పు కాగితం దగ్గర.

ఆ భయం ఊరికే పుట్టలేదు. కల్లు మీద చిగురుపన్ను వేశారు. అప్పు పేరుతో వర్తకులు కోర్టు తీర్పులు తెచ్చి పశువుల్ని తోలుకుపోయారు. 1879లో రంప తిరగబడింది అందుకే. తర్వాత అటవీ చట్టాలతో పోడు నేరమైంది. గూడెం కొండల్లో రోడ్డు పనికి మనవాళ్ల చేత వెట్టి చేయించారు. మనం లోకాన్ని ఎరగక భయపడలేదు, ఎరిగే భయపడ్డాం.

మన్యం భూములు గిరిజనేతరుల పాలు కాకుండా 1917లోనే చట్టం వచ్చింది. అయినా భూములు పోతూనే ఉన్నాయి. 1959 రెగ్యులేషన్ చాలక 1970లో 1/70 తేవాల్సి వచ్చింది. ఆ చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చదువురాని మా అమ్మమ్మకు ఈ చట్టాలేవీ ఎవరూ చెప్పలేదు. కాగితం సంగతి ఆమెకు చెప్పింది పాటే.

పిల్లలు చదువుకు, కొలువుకు కొండ దిగాలి కదా, భయం నేర్పితే ఎలా అని కొందరు టీచర్లు అడుగుతారు. ఆ చరణం దిగొద్దనలేదు. తెలియని కాగితం మీద వేలు పెట్టొద్దంది. బడి చెప్పాల్సిందీ అదే కదా!

టీచర్లారా, ఆ చరణం పాడించి 1/70 అంటే ఏమిటో ఆ రోజే చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభకున్న అధికారం చెప్పండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డీజే మోతకు సరిపోదని ఆ ముక్క కోసెయ్యకండి. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. పాటలో వచ్చిన మనిషి ఎవరు, ఏ పొలం కోసం వచ్చాడు, ఆ పొలం ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు అని అడిగి రాసుకోండి. పాట తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు.