ఆల్చిప్ప తెరవమంటే ముందు కత్తి అడుగుదాం

ఈ పోస్టు కొంచెం పెద్దది. వీసా గురించి కాదు, టికెట్ రేట్ల గురించి కాదు, ఆల్చిప్పల గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి. విల్లాల్లో, ఫ్లాట్లలో, రెస్టారెంట్ వంటగదుల్లో పనిచేసే మనవాళ్లకు ఇది చేతులకు సంబంధించిన విషయం.

ఎమిరేట్స్‌లో ఆల్చిప్పలు తినడం ఇప్పుడు బాగా కనిపిస్తోంది. ఒకప్పుడు ఫ్రాన్స్ లాంటి చోట్ల నుంచి విమానంలో వచ్చేవి. 2016 నుంచి ఫుజైరా వైపు దిబ్బాలో సముద్రంలోనే పెంచుతున్నారు. పెద్ద హోటళ్లలోనే కాదు, ఇళ్లల్లో దావత్ అయినా పళ్లెంలో ఐసు పోసి, నిమ్మకాయ ముక్కలు పెట్టి, పచ్చివే వరసగా పేరుస్తున్నారు. తినేవాళ్లకు అది ఒక గుటక. కానీ ఆ చిప్ప దానంతట అది తెరుచుకోదు. ఎవరో ఒకరు తెరవాలి. ఆ ఎవరో చాలా ఇళ్లలో మనమే.

మనలో సగం మందికి ఇది తెలియని పని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి సముద్రాన్ని మొదట చూసిందే ఇక్కడ. గోదావరి జిల్లాల అక్కలు చేపా రొయ్యా బాగు చేయడంలో ఎవరికీ తీసిపోరు గానీ, చిప్ప చెదరకుండా, లోపలి నీళ్లు ఒలికిపోకుండా పచ్చిగా తెరవడం వాళ్లకూ కొత్తే. అయినా మేడమ్ సంచీ తెచ్చి సింకు దగ్గర పెట్టి "ఓపెన్ చెయ్" అంటుంది. మనం డ్రాయరు లాగి కూరగాయల కత్తి తీస్తాం. తప్పంతా అక్కడే మొదలవుతుంది.

మేం చెప్పేది ఒక్కటే. ఆల్చిప్ప తెరవమంటే ముందు దాని కత్తి, దాని గ్లౌజు అడుగుదాం. అవి లేకుండా చెయ్యి పెట్టొద్దు. చీపురు లేకుండా ఇల్లు ఊడవమని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే.

కూరగాయల కత్తి ఎందుకు పనికిరాదు? ఆల్చిప్పకు లోపల ఒక బలమైన కండ ఉంటుంది. రెండు చిప్పల్నీ గట్టిగా పట్టి మూసి ఉంచేది అదే. సన్న కత్తి దూరిస్తే వంగుతుంది, లేదా మొన విరుగుతుంది. మనం ఇంకొంచెం బలం పెడతాం. చిప్ప తడిగా, జారుడుగా ఉంటుంది. కత్తి ఒక్కసారి జారిందంటే, ఆపక్క చిప్పను పట్టుకున్న అరచేతిలోకే దిగుతుంది. అరచేతిలో నరాలు, వేళ్లను ఆడించే తాళ్లు ఉంటాయి. అవి తెగితే కుట్లతో పోయేది కాదు. స్క్రూడ్రైవర్ వాడేవాళ్లూ ఉన్నారు. అది వంగదు, నిజమే. కానీ చిప్ప అంచును పగలగొట్టి పెంకు ముక్కల్ని మాంసంలో కలుపుతుంది. జారితే అదీ గుచ్చుకుంటుంది. పైగా నిన్న ఏసీ విప్పిన స్క్రూడ్రైవర్‌ను ఇవాళ తిండిలో ఎలా పెడతాం?

మరి దాని కత్తి ఎలా ఉంటుంది? చూస్తే ఇదేం కత్తి అనిపిస్తుంది. బ్లేడు పొట్టిగా, మందంగా, వంగకుండా ఉంటుంది. అంచుకు పదును పెద్దగా ఉండదు, ఎందుకంటే అది కొయ్యడానికి కాదు, మీట వేసి తెరవడానికి. పిడి లావుగా, గుప్పెట నిండా పట్టేలా ఉండాలి. నున్నటి పిడి వద్దు, తడి చేతిలో జారుతుంది. బ్లేడుకీ పిడికీ మధ్య చిన్న అడ్డు ఉంటే ఇంకా మంచిది, వేళ్లు ముందుకు జారవు. అమ్మేవాళ్లు బోస్టన్ అనీ, న్యూ హేవెన్ అనీ, ఫ్రెంచ్ అనీ పేర్లు చెప్తారు. పేర్లతో బుర్ర పాడుచేసుకోవద్దు. చిన్న చిప్పలకు పొట్టి బ్లేడు, పెద్ద చిప్పలకు కొంచెం పొడుగు బ్లేడు. కొత్తవాళ్లకు పొట్టిదే మేలు. బాగా వాడిగా ఉన్న మొనను చూసి మురిసిపోవద్దు, అది చిప్పలోకి ఎంత సులువుగా దిగుతుందో చేతిలోకీ అంతే సులువుగా దిగుతుంది.

గ్లౌజు సంగతి సైట్లో పనిచేసే తమ్ముళ్లకు బాగా తెలుసు. సేఫ్టీ గ్లౌజు మీద ఈఎన్ 388 అని రాసి, సుత్తి బొమ్మ ఉంటుంది. దాని కింద వరసగా అంకెలు, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. నాలుగో అంకె గుచ్చుకోవడాన్ని ఎంత ఆపుతుందో చెప్తుంది, ఆ అక్షరం కోతను ఎంత ఆపుతుందో చెప్తుంది. ఏ కంటే బీ, బీ కంటే సీ, అలా ఎఫ్ దాకా గట్టిది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అల్లిన గ్లౌజు కోతను బాగా ఆపుతుంది గానీ మొన గుచ్చుకుంటే పూర్తిగా ఆపలేదు. స్టీలు రింగులతో అల్లిన గ్లౌజు దానికంటే నయం. గ్లౌజు చిప్పను పట్టుకునే చేతికి ముఖ్యం. కుడిచేతివాటం వాళ్లకు అది ఎడమచెయ్యి. సైట్లో వాడిన మురికి గ్లౌజు మాత్రం వంటింట్లోకి తేవద్దు.

ఇక పద్ధతి. మందపాటి టవల్‌ను మడతలు వేసి బల్ల మీద పరవండి. గుంటగా ఉన్న చిప్ప కిందికి, చదునుగా ఉన్నది పైకి ఉండాలి. సన్నగా ఉన్న చివర కీలు ఉంటుంది. టవల్ మడతతో చిప్పను అదిమిపట్టి, కత్తి మొనను కీలులో పెట్టి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. మొన పట్టు దొరికాక తాళంచెవి తిప్పినట్టు మణికట్టు తిప్పండి. టక్కుమంటుంది. కత్తి తుడిచి, పై చిప్పను ఆనుకుని బ్లేడు జరిపితే కండ తెగుతుంది, చిప్ప వచ్చేస్తుంది. ఇందులో బలం పని తక్కువ, తిప్పడమే ఎక్కువ. ఒకటి మొండికేస్తే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి. ముందే నోరు తెరిచి ఉండి, తట్టినా మూసుకోనిది చచ్చినట్టు లెక్క, దాన్ని పారెయ్యండి.

"మా ఊళ్లో రాయితో కొట్టి తెరిచేవాళ్లం, ఈ కత్తులూ గ్లౌజులూ ఎందుకు" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కూరకైతే చిప్ప పగిలినా పర్వాలేదు, కడిగి పెంకులు ఏరేస్తాం. ఇక్కడ అడిగేది వేరు, చిప్ప గిన్నెలా నిలవాలి. అందుకే పనిముట్టు మారింది. అసలు రూమ్‌లో మనం వండుకోవడానికైతే ఏ కత్తీ కొనొద్దనే మేం అంటాం. మనకు అన్నిటికంటే మంచి పనిముట్టు మూత ఉన్న గిన్నె. చిప్పల్ని బ్రష్‌తో రుద్ది కడిగి, అడుగున కాసిని నీళ్లు పోసి, మూత పెట్టి ఆవిరి పట్టండి. వాటంతటవే నోరు తెరుస్తాయి. తెరిచాక ఇంకో నాలుగైదు నిమిషాలు ఉడకనివ్వండి. తెరవనివి పారెయ్యండి. తర్వాత ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం వేసి వేపుకుంటే డ్యూటీ అలసట మర్చిపోతాం. పచ్చివి మాత్రం మనకొద్దు. వాటిలో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ గడ్డకు చిప్పలు తెరవడం కొత్త కాదు. అబుదాబి దగ్గర మరావా దీవిలో 8,000 ఏళ్ల నాటి ముత్యం దొరికింది. 1930ల దాకా ఇక్కడి మనుషులు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు. జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచమంతా వచ్చిన మాంద్యం ఆ పనిని ముంచేశాయి. ఆ మునిగేవాళ్లలో చాలామంది ముందుగా అడ్వాన్సు తీసుకుని అప్పులో పనిచేసినవాళ్లే. ఏజెంటుకు కట్టిన అప్పుతో వచ్చిన మనకు ఆ బతుకు అర్థమవుతుంది. వాళ్లవి వేరే జాతి చిప్పలు. కానీ వాటిని తెరవడానికి పడవ మీద దానికంటూ చిన్న కత్తి ఉండేది. చిప్పకు తగ్గ కత్తి కావాలని ఈ దేశానికి మనం కొత్తగా నేర్పక్కర్లేదు.

"అడిగితే మేడమ్ ఏమనుకుంటుందో" అని భయపడే చెల్లెళ్లకు ఒక మాట. ఇంటిపని వాళ్ల కోసం ఇక్కడ 2022లో వచ్చిన 9వ నంబరు చట్టం ఉంది. ఒప్పుకున్న పనికి కావలసిన సామాను యజమానే ఇవ్వాలని అందులో ఉంది. ఆ చట్టం ప్రకారం సిక్ లీవు ఏడాదికి 30 రోజులు, మొదటి 15 రోజులకే జీతం, తర్వాతి 15 రోజులకు లేదు. చెయ్యి తెగి నెలంతా కూర్చుంటే ఊరికి పంపే డబ్బు సగానికి పడిపోతుందని భయపడాల్సి వస్తుంది. కాబట్టి తెగకముందే అడగడం మేలు. రెస్టారెంట్లలో, కంపెనీల్లో పనిచేసేవాళ్లకు 2021లో వచ్చిన 33వ నంబరు చట్టం. పనిలో గాయమైతే వైద్యం జరిగినన్నాళ్లు, ఆరు నెలల దాకా పూర్తి జీతం ఇవ్వాలని అది చెప్తుంది. అందుకే గాయమైన రోజే సూపర్‌వైజర్‌కు చెప్పి రాయించుకోండి, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి.

అడగడానికి గొడవ అక్కర్లేదు. అరబ్బీలో ఆల్చిప్పను మహార్ అంటారు, కత్తిని సిక్కీన్ అంటారు. "మేడమ్, మహార్ సిక్కీన్ కావాలి, గ్లౌజు కావాలి, లేకపోతే చిప్ప పగులుతుంది, పళ్లెం బాగోదు" అని చెప్పండి. మన చెయ్యి గురించి వినని వాళ్లు కూడా పళ్లెం గురించి వింటారు. ఒక దావత్‌కు తెచ్చే చిప్పల ఖర్చు ముందు ఆ కత్తి ఖర్చు ఎంత? ఫోన్‌లో బొమ్మ చూపించండి, అప్పుడు వేరే కత్తి రాదు.

అన్నీ ఉన్నా తెగితే దాచుకోవద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి కట్టండి. గాయం లోతుగా ఉన్నా, వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి, ఆల్చిప్పతో తెగిందని చెప్పండి. వాపు, ఎరుపు, జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు.

మనం ఈ దేశానికి తెచ్చుకున్న పెట్టుబడి రెండు చేతులు. వాటికి స్పేరు లేదు. ఇది మీ ఇంట్లో, మీ బిల్డింగులో వంటపని చేసే మనవాళ్లకు చదివి వినిపించండి, చదవడం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ చేసి పంపండి. కత్తి అడిగి తీసుకున్నవాళ్లు ఎలా అడిగారో కింద రాయండి, అడగలేకపోతున్న వాళ్లకు అది ధైర్యం.