సమాధి మరుగైనా ఆగని పాట



ఈ నెల మనము ఒక బడిపంతులును గూర్చి తలపోయుదము. ఆయన పేరు ఈనాక్ సొంటోంగా. మన బైబిలులో హనోకు అని చదువుకొనే పేరే అది.

దక్షిణాఫ్రికాకు చెందిన ఈ ఖోసా సోదరుడు సుమారు 1873లో జన్మించారు. లవ్‌డేల్ మిషను విద్యాలయములో చదివి, జొహన్నెస్‌బర్గ్ దగ్గర మెథడిస్టు మిషను పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. పిల్లలు పాడుకొనుటకు తానే పాటలు కట్టి, ఒక పుస్తకములో వ్రాసుకొనేవారు. 1897లో ఆయన కట్టిన పాటే ‘న్‌కోసి సికెలెల్ ఇఆఫ్రికా’. ఆఫ్రికాను ఆశీర్వదించుమని ప్రభువును వేడుకొనే ప్రార్థన అది. ఆయన వ్రాసినది మొదటి చరణము, పల్లవి మాత్రమే. 1899లో ఒక సేవకుని అభిషేక ఆరాధనలో దానిని మొదటిసారి బహిరంగముగా పాడారు.

1905 ఏప్రిల్ 18న, సుమారు ముప్పది రెండేండ్ల ప్రాయములోనే, ఆయన ప్రభువునందు నిద్రించారు. పంతులుగారు వెళ్ళిపోయారు గాని ప్రార్థన ఆగలేదు. 1912లో బ్లూమ్‌ఫాంటెయిన్‌లో నల్లజాతి నాయకులు తమ జాతీయ కాంగ్రెసును స్థాపించుకొన్న దినమున, ముగింపు ప్రార్థన తరువాత ఈ పాటే పాడారు. 1927లో కవి శామ్యూల్ ఎంఖాయి దీనికి మరి ఏడు చరణములు చేర్చారు. వర్ణవివక్ష దినములలో సభలలోను, సమాధి కార్యక్రమములలోను జనులు కన్నీటితో పాడుకొన్నారు. 1994లో అది దక్షిణాఫ్రికా జాతీయ గీతమాయెను. 1997 నుండి పాత గీతముతో కలిపి ఒకే గీతముగా పాడుచున్నారు. టాంజానియా, జాంబియా దేశముల జాతీయ గీతములకు కూడ రాగము ఇదే.

అయితే ఇంత పాట ఇచ్చినవాని సమాధి ఎక్కడున్నదో ఏండ్ల తరబడి ఎవరికిని తెలియలేదు. బ్రామ్‌ఫాంటెయిన్ శ్మశానపు రిజిస్టరులో ఇంటిపేరుతో గాక ‘ఈనాక్’ అని మాత్రమే నమోదై యుండుట దీనికొక కారణము. తుదకు 1990 దశకములో ఆ చోటు కనుగొన్నారు. 1996 సెప్టెంబరు 24న అధ్యక్షులు నెల్సన్ మండేలా అక్కడ స్మారకమును ఆవిష్కరించారు.

ప్రియులారా, దేవుని గ్రంథములో ఏ పేరును తప్పిపోదు. మన రిజిస్టరులలో మాత్రము తప్పిపోవును. మన పల్లె సంఘములలోను పాటలు కట్టినవారు, సండేస్కూలు పిల్లలకు రాగము నేర్పినవారు ఉన్నారు. వారిని ఎరిగిన పెద్దలు ఇంకను మన మధ్యనుండగానే అడిగి, ఆ పాటను, ఆ పేరును, ఇంటిపేరుతో సహా, సంఘపు పుస్తకములో వ్రాసి ఉంచుదము. పాట దేవునిదే, అయినను దానిని మన చేతికిచ్చిన వానిని మరచుట మనకు తగదు.